కంటి ట్రయల్‌లో అమ్మను చేర్చాలా?

మాది గుంటూరు. షుగరు వల్ల అమ్మ రెటీనాలో (కంటి వెనక పొరలో) నీరు చేరింది. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్ల క్లినికల్ ట్రయల్‌లో (చికిత్సను మనుషులపై పరీక్షించి చూసే అధ్యయనంలో) చేరమని సమ్మతి పత్రం ఇచ్చారు. 2009 నుంచి ట్రయళ్లు సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయళ్ల ప్రభుత్వ రిజిస్ట్రీలో) నమోదు కావాలని, ఇష్టం లేకపోతే మధ్యలోనే మానుకోవచ్చని తెలుసుకున్నాను.

నా బెంగ వేరే. మొన్న చుక్కలు కనిపించడం లేదని ముగ్గు గిన్నె గడప దగ్గరే వదిలేసి, లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచి సరిగ్గా తినదు, నిద్రపోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోను చేశాను. తెలుగులోనే ఓపికగా విని, మానసిక వైద్యుడికి చూపించమన్నారు.

దిగులుకు మందులు వాడుతుంటే ట్రయల్‌లో చేర్చుకుంటారా? సంతకానికి ముందు డాక్టరు గారిని ఏమేమి అడగాలి? ఇంట్లో పెద్దవాళ్లను ఇలా చేర్పించినవారు దయచేసి చెప్పండి. సోమవారం విజయవాడ వెళ్లాలి.