పంచె మీద కట్టుకునే తోలు బెల్టు రంగు వదులుతోంది, సలహా చెప్పండి

కోనసీమ_తోలుపని:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఏడాది నుంచి తీరిక దొరికినప్పుడల్లా తోలుతో పర్సులు, చిన్న చిన్న సంచులు కుడుతున్నాను. మొన్న సంక్రాంతికి మా నాన్నగారికి పంచె మీద కట్టుకునే వెడల్పాటి బెల్టు చేశాను, ముందు డబ్బులకి ఒక జేబు, పక్కన ఫోనుకి ఇంకోటి. గేదె తోలు, మూడున్నర మిల్లీమీటర్ల మందం, వెజ్ ట్యాన్ (చెట్ల బెరడు రసంతో పదును చేసిన తోలు) అని చెప్పి అమ్మారు. మీద అరటి గెల, కొబ్బరి మట్టలు చెక్కి ముదురు గోధుమరంగు స్పిరిట్ డై సీసాలోంచి నేరుగా తీసి లోపలా బయటా మూడేసి కోట్లు వేశాను, మర్నాడు మైనం పాలిష్ పట్టించాను.

కొబ్బరి దింపు తీయించే రోజు ఆయన అది కట్టుకుని తోటకి వెళ్లారు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి చెమటకి తెల్ల పంచె మీద నడుం చుట్టూ గోధుమరంగు పట్టీలా దిగిపోయింది, అమ్మ రెండుసార్లు ఉతికినా పోలేదు. నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు గానీ మర్నాడు పాత గుడ్డ బెల్టుకి పిన్నీసు పెట్టుకుని కట్టుకున్నారు. అది చూసి చాలా బాధేసింది.

ఈ బెల్టుని బాగుచేసే దారి ఉందా? ఇంకోటి, చెక్కిన గీతలు పదునుగా రాలేదు, వారం తిరక్కుండానే మట్టల ఈనెలు కనపడకుండా పోయాయి. రంగు వేయకముందే తోలు మీద అక్కడక్కడా నల్లటి చుక్కలు కూడా వచ్చాయి, ఎందుకో తెలియలేదు.

గట్టుమీద_చెట్టు:
బాగుచేయొచ్చండి, కంగారు పడకండి. పాలకొల్లులో నేను నాలుగేళ్లుగా బెల్టులు చేస్తున్నాను, మొదటి మూడింటికీ నాకూ ఇదే జరిగింది.

స్పిరిట్ డైలో స్పిరిట్ ఎగిరిపోయాక రంగు పొడి మిగులుతుంది, తోలు తాగినంత తాగి మిగతాది పైనే కూర్చుంటుంది. చిక్కగా మూడు కోట్లంటే పైన చాలా ఉండిపోయి ఉంటుంది. ఆరిన తర్వాత పొడి గుడ్డతో గుడ్డకి రంగు అంటడం ఆగేదాకా రుద్దాలి, అరగంట పట్టినా సరే రుద్దాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మైనం పాలిష్ మెరుపు ఇస్తుందే గానీ చెమటకి నిలబడదు, ఒంటి వేడికి మెత్తబడుతుంది కూడా.

ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి, మైనమూ కొంత పోతుంది, మిగులు రంగూ వస్తుంది. గుడ్డలు మారుస్తూ తుడవండి. రంగు కొంచెం వెలుస్తుంది, పర్వాలేదు. ఆరాక నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె) పల్చగా ఒక్క చెయ్యి రాసి ఒక రోజు వదిలేయండి. తర్వాత పైవైపు అక్రిలిక్ ఫినిష్ (రంగు మీద పొరలా ఆరే పూత) నీళ్లతో పల్చన చేసి రెండు కోట్లు. మందంగా వేస్తే బెల్టు వంగిన చోటల్లా పగుళ్లు వస్తాయి. చివర్లో తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, గుడ్డ తెల్లగా ఉంటేనే నాన్నగారికి ఇవ్వండి.

అసలు తప్పు మాత్రం లోపలివైపు రంగు వేయడం. పంచెకి ఆనేది అదే కదా! ఆ వైపు నూగు ఎక్కువ, రంగుని స్పాంజిలా పట్టుకుని చెమట తగలగానే వదిలేస్తుంది. ఎంత తుడిచినా దాన్ని నమ్మలేం. రంగు వేయని పల్చటి మేక తోలు తెచ్చి లోపల అస్తరుగా అతికించి అంచు పొడుగునా కుట్టేయండి. ఇకనుంచి బట్టకి తగిలే వైపు రంగు జోలికి వెళ్లకండి.

రాజోలు_ఉలి:
గీతల సంగతి నేను చెప్తాను. తోలు బాగా తడిగా ఉన్నప్పుడు కొట్టేశారనుకుంటున్నాను. నీళ్లు ఓడుతున్న తోలు మీద స్టాంపు (డిజైను దించే ఇనుప అచ్చు) కొడితే అప్పటికి లోతుగానే పడుతుంది గానీ ఆరేటప్పుడు మళ్లీ ఉబ్బి పైకి వచ్చేస్తుంది. స్పాంజితో తడిపి తోలు తన అసలు రంగుకి తిరిగొచ్చేదాకా ఆగాలి. చెంపకి ఆనించుకుంటే చల్లగా ఉండాలి, చెయ్యి పెడితే తడి అంటకూడదు. ఆ సమయంలో కొట్టిన చోట తోలు కాలినట్టు ముదురు రంగుకి తిరుగుతుంది, అది కనిపిస్తే సరిగ్గా ఉందని గుర్తు. మన డెల్టా గాలిలో తేమకి వర్షాకాలం ఒక్కోసారి రెండు గంటలు కూర్చోవాల్సి వస్తుంది, ఎండాకాలంలో పావుగంటకే ఆరిపోతుంది, అందుకని గడియారం చూసి చేసే పని కాదిది. కింద గ్రానైట్ బండ పెట్టుకోండి. చెక్క బల్ల మీద కొడితే సగం దెబ్బ బల్లే తినేస్తుంది.

నల్లచుక్కలకి కారణం ఇనుము. మీరు బోరు నీళ్లతో తడిపారా? మా బోరులో బకెట్టు నిండా నీళ్లు పట్టి ఉంచితే సాయంత్రానికి తుప్పు రంగు తెట్టు కడుతుంది, ఆ నీళ్లతో తడిపిన తోలు మీద మచ్చలు పడ్డాయి. ఆర్వో నీళ్లు గానీ వాన నీళ్లు గానీ వాడండి. ఆకురాయి పట్టిన రజను బల్ల మీద ఉన్నా ఇంతే. రంగు వేయకముందైతే నిమ్మరసం అద్ది కడిగేస్తే చాలావరకు పోతాయి.

లంకపొలం:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఇంట్లో కొబ్బరినూనె ఉండగా ఆ నీట్స్‌ఫుట్ ఎందుకండీ? మా తాతగారు కిర్రు చెప్పులకి ఆముదమే పట్టించేవారు.

గట్టుమీద_చెట్టు:
తాతగారు చేసింది తప్పు కాదండి, చెప్పులకి ఆముదం బాగానే పనిచేస్తుంది. కాకపోతే జిగట ఎక్కువ, బెల్టుకి రాస్తే దుమ్ము పడుతుంది. కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది. ఏ నూనె అయినా ఎక్కువైతే తోలు సాగిపోయి చెక్కిన గీతలు మెత్తబడతాయి.

పెన్నేరు_నుంచి_గోదారి:
నలుపు మీకు ఇష్టమైతే రంగు కొనకుండానే వేయొచ్చు. రాజోలు వారు మచ్చలని చెప్పింది కావాలని తోలంతా చేయడమే. వెజ్ ట్యాన్ తోలులో చెట్ల బెరడు నుంచి వచ్చిన టానిన్ ఉంటుంది, ఇనుము తగిలితే అది నల్లబడుతుంది. కలంకారీలో తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి కరక్కాయ పట్టిన గుడ్డ మీద నల్లగీత గీస్తారే, అదే సంగతి. నేను వెనిగర్‌లో మేకులు, లేతు షాపు ఇనుప రజను వేసి రెండు వారాలు ఉంచుతాను. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు పనికిరాదు. సీసా మూత బిగించొద్దు, లోపల హైడ్రోజన్ పుడుతుంది. వడకట్టి, ముందు తోలుకి చిక్కటి కరక్కాయ కషాయం పట్టించి, ఆరాక ఇది రాస్తే కళ్లముందే బూడిదరంగు, తర్వాత నలుపు. పది నిమిషాల తర్వాత లీటరు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి కడగాలి, ఆపైన మంచినీళ్లు, ఆరాక నూనె. సోడా మానేస్తే పులుపు లోపల ఉండిపోయి తోలు పెళుసెక్కుతుంది. పైన కూర్చున్న పొడి కాదు కాబట్టి మామూలు డైలా గుడ్డకి అంటదు.

ఇంకో ఉపయోగం ఉంది. ఈ నీళ్లు ఒక చుక్క తోలు ముక్క మీద వేయండి, నల్లబడకపోతే మీకు అమ్మింది క్రోమ్ తోలు, అంటే బెరడుతో కాక క్రోమియం ఉప్పులతో పదును చేసింది. అప్పుడు ఎంత బాగా చెక్కినా గీత నిలవదు.

కోనసీమ_తోలుపని:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. చుక్క వేసి చూశాను, నల్లబడింది, తోలు మంచిదే. బోరు నీళ్లే వాడాను, అదీ నిజమే. బెల్టు తుడవడానికి పాత బనీనులు ఐదు అయిపోయాయి. లోపల మేకతోలు అస్తరు వేసి కుట్టాను, తడిగుడ్డ పరీక్షలో పైవైపు రెండోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. నాన్నగారు నిన్న కట్టుకుని సొసైటీకి వెళ్లొచ్చారు, పంచె శుభ్రంగా ఉంది. గెల డిజైను మళ్లీ సరైన తడితో వేరే ముక్క మీద కొడుతున్నాను, ఈసారి ఈనెలు నిలిచాయి. వానాకాలం బూజు పట్టకుండా ఏం చేయాలో కూడా చెప్పండి.

రాజోలు_ఉలి:
పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టకండి, అదే అసలు ముప్పు. నూలుగుడ్డలో చుట్టి గాలి తగిలే చోట వేలాడదీయండి. తెల్లగా బూజు కనిపిస్తే ఆరుబయట పొడి బ్రష్‌తో దులిపి, నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ ముంచి పిండి తుడిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే బిర్రబిగుస్తుంది.