మేకల దగ్గర బుద్ధిగా ఉండే కుక్క కోళ్లను తరుముతోంది, మాన్పించడం ఎలా?

మేకలదొడ్డి:
గ్రేట్ పిరనీస్ (మందకు కాపలా కాసే పెద్ద జాతి) ఆడకుక్క, 10 నెలలు. మేకల జోలికి పోదు. కోళ్లు కనిపిస్తే మాత్రం వెంటపడి, కాలితో అదిమిపట్టి వీపు నాకుతుంది. ఒక పెట్టకు తోక ఈకలు ఊడిపోయాయి, గాయం లేదు. అరిస్తే ఆగుతుంది, అటు తిరగ్గానే మళ్లీ మొదలు. ఇది మానే అలవాటేనా? చచ్చిన కోడిని మెడకు కట్టమని కొందరంటున్నారు. పనిచేస్తుందా?

కంచెపక్క:
మానుతుందండి, కాకపోతే ఓపిక కావాలి. అదమడం, నాకడం వేట కాదు, ఆట. ఆ ఆటలోనే కోడి చస్తుంది, అదీ ఇబ్బంది. ఈ జాతులకు ఒళ్లు ముందే పెరుగుతుంది గానీ బుద్ధి కుదురుకునేది 18–24 నెలలకు. అప్పటిదాకా మనిషి లేకుండా కోళ్లలో వదలొద్దు. మేకైతే ఒక్క కుమ్ము కుమ్మి నేర్పుతుంది. కోడి రెక్కలు కొట్టుకుంటూ పరుగెడుతుంది, కుక్కకు కావలసిందీ అదే. తరిమిన ప్రతిసారీ అలవాటు ముదురుతుంది కాబట్టి ముందు ఆ అవకాశమే లేకుండా చేయండి.

కోళ్ల ఆవరణ పక్కనే, మధ్యలో గట్టి వలకంచె ఉండేలా కుక్కకు చోటివ్వండి. కంచె అవతల కోళ్లు ఎగిరినా ఇది లేవకుండా పడుకుంటోందంటే, అప్పుడు తాడు కట్టి లోపలికి తీసుకెళ్లండి. రోజుకు రెండుసార్లు, 10–15 నిమిషాలు చాలు. ముందు బాగా నడిపించి ఊపు తగ్గించండి. కోడిపిల్లలు వద్దు, బెదరని పెద్ద పెట్టలతో మొదలుపెట్టండి.

పరుగు అందుకున్నాక అరిస్తే లాభం లేదు. అంతకుముందే ఒళ్లు చెబుతుంది: నోరు మూతపడుతుంది, చెవులు ముందుకొస్తాయి, తల దించి ఒక్క కోడి మీదే చూపు నిలుపుతుంది. సరిగ్గా అప్పుడు ‘వద్దు’ అని పక్కకు తిప్పి నడిపించండి. తనంతట తాను చూపు తిప్పుకున్నా, నేల వాసన చూస్తూ పోయినా మెచ్చుకోండి. తినిపిస్తే చేత్తోనే, కింద వేయొద్దు. కోళ్లు ఎగబడతాయి, కొత్త గొడవ.

చచ్చిన కోడిని కట్టడం వల్ల కుళ్లు కంపు తప్ప కుక్కకు తెలిసేదేమీ లేదు. మెడకు కట్టి కరెంటు షాక్ ఇచ్చే పట్టీ కూడా వద్దు, ఆ నొప్పి కోడి వల్లే వచ్చిందనుకుని కసి పెంచుకునే ప్రమాదముంది.

పెరటిగూడు:
తిండి సంగతి కూడా చూసుకోండి. ఎంత సాధువైన కుక్కయినా తన గిన్నెలో ముక్కు పెట్టిన కోడిని కొరికేయొచ్చు, కాబట్టి కోళ్లు రాలేని చోట పెట్టండి. కోళ్ల దాణా కుక్కకు అందకూడదు. కొన్ని దాణాల్లో కాక్సీడియోసిస్ (కోళ్ల పేగులకు వచ్చే జబ్బు) రాకుండా కలిపే మోనెన్సిన్ లాంటి మందులు కుక్కకు విషం. చచ్చిన కోడి, పగిలిన గుడ్డు కనబడగానే తీసేయండి, రుచి మరిగితే తిప్పడం కష్టం. ఇంకో కుర్రకుక్క ఉంటే రెండిటికీ విడివిడిగా నేర్పాలి. జతైతే ఒకదాన్నొకటి ఎగదోస్తాయి.

మేకలదొడ్డి:
తాడు ఎప్పుడు తీయొచ్చండి?

కంచెపక్క:
వరసగా నెలరోజులు తాడు బిగుసుకోకుండా గడిస్తే, చేతిలోంచి వదిలి నేలమీద ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. చివర ముడి ఉంటే కంపలకు చిక్కుకుంటుంది, విప్పేయండి. మీరు దగ్గరే ఉండాలి. అలా కొన్ని వారాలయ్యాకే పూర్తిగా తీయడం. మధ్యలో ఒక్కసారి తరిమినా మళ్లీ తాడు చేతిలోకి. సాయంత్రం కోళ్లు గూట్లోకి పోయేటప్పుడు వీపులు తడిమి చూడండి. ఈకలు తడిసి అతుక్కుని ఉంటే మీరు చూడనప్పుడు ఆట సాగుతోందన్నమాట. కొత్త కోళ్లు వచ్చినా, కోడిపిల్లలు పుట్టినా మళ్లీ కంచె దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.