పాక్లిటాక్సెల్ ఎక్కేటప్పుడు చేతులకి ఐస్ పెట్టుకోవచ్చా?

రాయగడ కుట్టుమిషను:
రొమ్ము క్యాన్సర్‌కి వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు, మొత్తం 12 సార్లు. నాలుగయ్యాయి. రైల్లో విశాఖ వెళ్లి ఎక్కించుకుని వస్తున్నాను. మొన్నటి నుంచి వేళ్ల కొసలకి చీమలు పాకినట్టుంది. జాకెట్టుకి హుక్కు కుడుతుంటే సూది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో చూస్తేగాని తెలియట్లేదు. పక్క మంచం ఆవిడ ఐస్ గ్లవుజులు తొడుక్కుంటోంది. నేనడిగితే నర్సమ్మ "అవన్నీ ఎందుకమ్మా" అంది. నాకు సూదే బతుకు. ఎవరైనా వాడారా?

పర్లాకిమిడి తమ్ముడు:
అక్కా, ఐస్ జోలికి పోకు. మా నాన్నకి పెద్దపేగు క్యాన్సర్. కీమో అయిన సాయంత్రం ఫ్రిజ్‌లో సీసా ముట్టుకోగానే కరెంటు కొట్టినట్టయి వదిలేశాడు. చల్లనీళ్లు తాగితే గొంతు పట్టేసింది. చలి నరాలకి పగ, కళ్లారా చూశాను.

బరంపురం సిస్టర్:
బాబూ, నాన్నగారిది ఆక్సాలిప్లాటిన్ అయ్యుంటుంది, ఫైలు చూడు. ఆ మందుకి చలి తగిలితేనే బాధ రేగుతుంది. పాక్లిటాక్సెల్ సంగతి వేరు. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేళ్లలోకి మందు తక్కువగా చేరుతుంది, అక్కడి నరాలకి దెబ్బ తగ్గుతుందని ఆశ. జపాన్‌లో 2018లో అచ్చయిన పరిశోధనలో ఒక్కో మనిషికీ ఒక పక్క చెయ్యి, కాలు చల్లబరిచి, రెండో పక్క వదిలేశారు. మందుకి 15 నిమిషాల ముందు మొదలుపెట్టి, అయ్యాక మరో 15 నిమిషాలు, మొత్తం 90 నిమిషాలు. వదిలేసిన చేతుల్లో 80.6 శాతం మందికి స్పర్శ తగ్గితే, చల్లబరిచిన చేతుల్లో 27.8 శాతం మందికే తగ్గింది.

పర్లాకిమిడి తమ్ముడు:
ఫైలు తీశాను, ఆక్సాలిప్లాటినే. తెలియక అక్కని భయపెట్టాను. కానీ సిస్టర్, అందులో లెక్కకొచ్చింది 36 మందే కదా? 2020లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం కూడా ఆధారం చాలదనే రాసింది. అంత సన్నటి ఆధారం మీద ఒళ్లు గడ్డకట్టించుకోవాలా?

బరంపురం సిస్టర్:
చాలదన్నారు, నిజమే. కానీ వేళ్లలో స్పర్శ పోయాక తిరిగి తెచ్చే మందు లేదు. డ్యులాక్సిటిన్ అనే మందుంది గానీ అది నొప్పికి పనిచేస్తుంది, అంతే. అందుకే డాక్టరు ఒప్పుకుంటే పెట్టుకోమనే అంటాను. చలికి వేళ్లు తెల్లబడే జబ్బుంటే మాత్రం వద్దు. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు, పుళ్లు పడతాయి. అమ్మా, తిమ్మిరి మొదలైందని డాక్టరుకి చెప్పావా? అది ముందు.

రాయగడ కుట్టుమిషను:
నిన్న ఐదోది. చెప్పాను. సూది జారుతోందన్న మాట ఫైల్లో రాసుకుని, పెరిగితే డోసు తగ్గిస్తామన్నారు. ఐస్‌కి సరేనన్నారు. నూలు గ్లవుజుల మీద ఐస్ ప్యాకులు కట్టుకున్నాను. ఎడమచేతికి ఓర్చుకోలేక మధ్యలో కాసేపు తీసేశాను. కుడిచెయ్యి మాత్రం ఆఖరిదాకా ఉంచాను, సూది పట్టేది దాంతోనే.