మందు డబ్బా మీద రంగు ముక్కోణం చాలదా? ప్రపంచమంతటి గుర్తులు మనకూ కావాలా?

లెక్చరర్_హన్మకొండ
పురుగుమందు డబ్బా మీద కనిపించే రంగు ముక్కోణం 1971 పురుగుమందుల రూల్స్ నాటిది. నోటి ద్వారా ఇస్తే సగం ఎలుకలు చచ్చే మోతాదును బట్టి రంగు వేస్తారు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. ఐక్యరాజ్య సమితి 2003లో జీహెచ్ఎస్ పేరుతో అన్ని రసాయనాలకూ ఒకే గుర్తుల పద్ధతి ప్రచురించింది. 2008 కల్లా అమల్లోకి తేవాలని అంతకుముందే జొహన్నెస్‌బర్గ్ సదస్సులో అనుకున్నారు. మన దగ్గర పురుగుమందుకు వ్యవసాయ శాఖ, యాసిడ్ డ్రమ్ముకు పర్యావరణ శాఖ, రోడ్డెక్కిన ట్యాంకర్‌కు రవాణా శాఖ, ఎవరి రూల్స్ వాళ్లవే. దేశం మొత్తానికి ఒకే ప్రణాళిక, ఒకే లేబుల్ ఉండాలంటాను. మీరేమంటారు?

పరకాల_డీలర్
సార్, ముక్కోణం చూసి మందు కొన్న రైతును నేనింతవరకు చూడలేదు. పక్క చేను ఆయన వాడిన ఖాళీ డబ్బా తెచ్చి "ఇదే ఇయ్యి" అంటారు. నాలుగు రంగులే ఎవరూ పట్టించుకోరు, మీరు జీహెచ్ఎస్ అని తొమ్మిది బొమ్మలు తెస్తే ఎవరికి అర్థం కావాలి?

మిర్చితోట
ఎరుపు డేంజర్, పచ్చ సేఫ్. ఇంకేం కావాలి?

లెక్చరర్_హన్మకొండ
చిక్కంతా ఆ 'పచ్చ సేఫ్' దగ్గరే ఉంది. మిర్చికి కొట్టే తెగులు మందు మాంకోజెబ్ మన దగ్గర పచ్చ. యూరప్‌లో దాన్ని కడుపులో బిడ్డకు హాని చేసే రసాయనాల్లో చేర్చి, 2020లో అనుమతి పొడిగించకుండా ఆపేశారు. జీహెచ్ఎస్‌లో ఇలాంటి ప్రమాదానికి ఛాతీ మీద నక్షత్రం ఉన్న మనిషి బొమ్మ వేరేగా ఉంటుంది. మన ముక్కోణానికి ఎలుక ఆ పూట చచ్చిందా లేదా అన్నదే లెక్క. గడ్డి మందు పారాక్వాట్ చూడండి, విరుగుడే లేదు. దానికి పసుపు!

పరకాల_డీలర్
పసుపు డబ్బా మీద కూడా ఎర్రటి అక్షరాలతో పాయిజన్ అని ఉంటుంది సార్. డబ్బా చూసి మాట్లాడండి.

లెక్చరర్_హన్మకొండ
పుర్రె బొమ్మ ఉండదు కదా. జీహెచ్ఎస్‌లో ఆ మోతాదు 300 మిల్లీగ్రాముల లోపున్న వాటన్నిటికీ పుర్రె పడుతుంది. పారాక్వాట్ అందులోకే వస్తుంది.

కాజీపేట_ఫార్మసీ
సార్ సగమే చెప్పారు. 400 దగ్గర ఉన్న మందుకు మన రూల్లో పాయిజన్ అని రాయాలి. జీహెచ్ఎస్‌లో అదే మందుకు వట్టి ఆశ్చర్యార్థకం, పక్కన వార్నింగ్ అన్న మాట. కొన్ని మందులకు కొత్త లేబుల్ పాతదానికన్నా మెత్తగా ఉంటుంది.

పరకాల_డీలర్
అదీ! సార్ ఇప్పుడు చెప్పండి. ఆశ్చర్యార్థకం చూసి ఎవడైనా భయపడతాడా?

లెక్చరర్_హన్మకొండ
ఒక్క గీత పట్టుకుని పద్ధతి మొత్తాన్ని కొట్టిపారేయొద్దు. పీలిస్తే ఏమవుతుంది, చర్మానికి తగిలితే ఏమవుతుంది అని విడివిడిగా వాక్యాలు కూడా అందులో ఉంటాయి.

పరకాల_డీలర్
నా ప్రశ్నకు జవాబు రాలేదు.

నర్సంపేట_తమ్ముడు
300, 400 అయిపోతే ఒక మాట. మా నాన్న కూలికి మందు కొడతాడు. పొద్దున పోయేసరికే డ్రమ్ములో మందు కలిపి ఉంటుంది. డబ్బా ఏ రంగో, ఎన్ని రకాలు కలిపారో ఆయనకు తెలియదు. పంపు మూత దగ్గర కారి వీపు తడుస్తూనే ఉంటుంది. పోయిన మిర్చి సీజన్‌లో వాంతులై చేనులోనే పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగింది "ఏ మందు?" అని. చేను ఆయన క్వార్టర్ సీసాలో మిగిలిన మందు పంపించాడు. దాని మీద బ్రాందీ లేబుల్ ఉంది. మీ ఇద్దరిలో ఎవరి లేబుల్ పనికొచ్చేది మాకు?

ఓరుగల్లు_రైతు
తమ్మీ, నాన్న బాగున్నాడా ఇప్పుడు? కానీ ప్రతిదీ చేను ఆయన మీదికే తోస్తే ఎట్లా? మాస్కు, గ్లౌజులు నేను కొనిచ్చిన. ఆ ఎండకు గంటలో తీసి గట్టు మీద పెట్టిన్రు.

నర్సంపేట_తమ్ముడు
బాగున్నాడు అన్నా. మళ్లీ పోతున్నడు, పోకపోతే నడవదు. మీరు కొనిచ్చి ఉండొచ్చు. మా ఊళ్లో ఇచ్చినవాళ్లు లేరు.

లెక్చరర్_హన్మకొండ
పురుగుమందుతో పనిచేసేవాళ్లకు రక్షణ దుస్తులు ఇవ్వాలని 1971 రూల్స్‌లోనే ఉంది. 2017లో మన ఆదిలాబాద్ పక్కనే యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. అందుకే చెప్తున్నా, సమాచారం చివరి మనిషి దాకా...

పరకాల_డీలర్
సార్, మీరు క్లాసులో చెప్పినట్టు చెప్తున్నారు. రేపు ఈ బొమ్మలొస్తే ఏం జరుగుతుందో నేను చెప్తా. ఎవరికైనా ఏమైనా అయితే "డీలర్ బొమ్మ వివరించలేదు" అని రాస్తారు. లైసెన్స్ నాది. కంపెనీవాడు "మేం ముద్రించాం కదా" అని చేతులు దులుపుకుంటాడు. ఆఫీసర్ "మేం సర్క్యులర్ పంపాం" అంటాడు. బొమ్మ ఎట్లున్నా నాకు బాధ లేదు. దాని వెనక వచ్చే కేసు గురించే నా టెన్షన్.

కాజీపేట_ఫార్మసీ
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఈ ఎలుకల లెక్కల బాధ మనకు తప్పేది.

లెక్చరర్_హన్మకొండ
కేసు భయంతో ఉన్న ప్రమాదాన్ని దాస్తామా?

పరకాల_డీలర్
దాచమని ఎవరన్నారు? మాటలు మార్చకండి సార్!

నర్సంపేట_తమ్ముడు
తప్పెవరిది అని మీరు మీరు తేల్చుకోండి. నేనడిగేది చిన్నది. మందు కలిపేది కూలీ కళ్ల ముందే కలపాలి. డబ్బా సాయంత్రం దాకా గట్టు మీదే ఉండాలి. మనిషి పడిపోతే ఆ డబ్బాతోనే ఆసుపత్రికి పంపాలి. రూల్లో ముందు ఈ మాట రాయించండి, బొమ్మ ఏదైనా పెట్టుకోండి.

మిర్చితోట
క్వార్టర్ సీసాలో పోసి అమ్మే డీలర్లు కూడా ఉన్నారు, అది కూడా రాయించండి.

పరకాల_డీలర్
నేను లూజు అమ్మను. అమ్మేవాళ్ల పేరు చెప్పి ఫిర్యాదు చెయ్యండి.

ఓరుగల్లు_రైతు
డబ్బా గట్టు మీద పెట్టడానికి నాకేం ఇబ్బంది లేదు. మాస్కు, కోటు ఖర్చు ఎవరిదో అది కూడా తేల్చండి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చికి రేటు వేసేవాడు నా కూలీ ఖర్చు అడగడు. మందు కంపెనీనే డబ్బాతో పాటు ఇప్పించండి.

పరకాల_డీలర్
కంపెనీ నాకు టార్గెట్లు ఇస్తది అన్నా, మాస్కులు ఇయ్యదు.