డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్ ఎరువు) బస్తా మీద 18-46, నా లెక్కలో వేరే వస్తోంది. తప్పెక్కడ?

మా చెల్లి ఇంటర్ మొదటి సంవత్సరం. సమ్మేళనంలో మూలకం ద్రవ్యరాశి శాతం లెక్కలు చెప్పమంటే, ఇంట్లో ఉన్న ఎరువుల బస్తాలతోనే చెబుదామని కూర్చున్నా. ఇప్పుడు నాకే టెన్షన్ పట్టుకుంది.

యూరియా బాగానే వచ్చింది. అణుభారం 60, అందులో రెండు నైట్రోజన్‌లు, అంటే 28. 28ని 60తో భాగించి 100తో గుణిస్తే 46.67. బస్తా మీద 46 శాతం అనే ఉంది. చెల్లి ముందు కాస్త పరువు దక్కింది.

డీఏపీ దగ్గరే చిక్కు. అణువులో 2 నైట్రోజన్, 9 హైడ్రోజన్, 1 ఫాస్ఫరస్, 4 ఆక్సిజన్. 28+9+31+64, మొత్తం 132. నైట్రోజన్ 21.2 శాతం, ఫాస్ఫరస్ 23.5 శాతం వస్తున్నాయి. బస్తా మీదేమో 18, 46!

ఆ 46 ఫాస్ఫరస్ కాదు, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్క అని తర్వాత తెలిసింది. దాని అణుభారం 142, అందులో ఫాస్ఫరస్ 62. కాబట్టి 46ని 62తో గుణించి 142తో భాగిస్తే అసలు ఫాస్ఫరస్ 20.1 శాతమే. అయినా 23.5 కాలేదు కదా.

ఒకటి గమనించా: 18ని 21.2తో, 20.1ని 23.5తో భాగిస్తే రెండూ దాదాపు 0.85. అంటే బస్తాలో శుద్ధమైన డీఏపీ 85 శాతమే ఉందనుకోవచ్చా? లేక ఇది కాకతాళీయమా? కెమిస్ట్రీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, రేపు చెల్లికి జవాబు చెప్పుకోవాలి.