కొత్త అక్వేరియంలో చేపలు నిలవట్లేదు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మణికొండ_మీనా
అందరికీ నమస్కారం. రెండడుగుల ట్యాంక్ (2×1×1), టాప్ ఫిల్టర్, లైటు, అడుగున రంగురాళ్లు, ఆరు గోల్డ్‌ఫిష్. అన్నీ ఒకే రోజు కొన్నాం. అపార్ట్‌మెంట్ నీళ్లు పోసి, షాపతను ఇచ్చిన హైపో (క్లోరిన్ పోగొట్టేది), నీలం మందు వేశాం. మూడో రోజుకి నీళ్లు తెల్లగా మసకబారాయి. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నాయి. రెండు పోయాయి, ఇంకోటి రెక్కలు ముడుచుకుని మూలన ఉంది. షాపతన్ని అడిగితే నీళ్లు మొత్తం తీసేసి ఫిల్టర్ శుభ్రంగా కడగమంటున్నాడు. రోజూ నీళ్లు మార్చాలా? రాత్రి ఫిల్టర్ శబ్దానికి మా మావయ్యగారికి నిద్ర పట్టట్లేదు, ఆపొచ్చా? ట్యాంక్ ఏ మూల పెట్టాలి? పోయినవాటి బదులు ఏ చేపలు తేవాలి?

స్పాంజ్_శీను
ఫిల్టర్ కడగకండి. మొత్తం నీళ్లు తీయకండి. ఈ రెండూ చేస్తే మిగిలిన నాలుగూ పోతాయి.
చేప మొప్పల నుంచి, దాని మలం నుంచి, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషమే. నైట్రేట్‌ని మాత్రం కొంతవరకు తట్టుకుంటాయి. ఈ బ్యాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద. కొత్త ట్యాంక్‌లో అది తయారవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీ ట్యాంక్‌లో ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఆరు గోల్డ్‌ఫిష్ దిగాయి. ఆ నీలం మందు మిథిలిన్ బ్లూ అయితే ఉన్న కాస్త బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది, ఆపేయండి.
ఈ రోజు నుంచి రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. మేత రెండు రోజులు ఆపి, తర్వాత రోజుకోసారి చిటికెడే. అమ్మోనియా కిట్టు కొనండి, చుక్కలది, పేపర్ స్ట్రిప్ వద్దు.

గోల్డీ_వాళ్ళమ్మ
మా రాజమండ్రిలో పెరట్లో సిమెంట్ తొట్టిలో గోల్డ్‌ఫిష్ పెంచుతున్నాను. అరచేయంత అయ్యాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. ఏ కిట్టూ కొనలేదు, ఏ మందూ వేయలేదు. తొట్టి పెద్దది, నాచు పట్టింది, పక్కన మామిడి చెట్టు నీడ ఉంది, అంతే. గోల్డ్‌ఫిష్‌ని గాజు పెట్టెలో, అందులోనూ గుండ్రటి బౌల్‌లో పెట్టడం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. అది ఆరేడు అంగుళాలు పెరిగే చేప అండీ. బౌల్‌లో పెరగక గిడసబారి చస్తే "దాని ఆయుష్షు అంతే" అని షాపువాళ్లు ఇంకోటి అమ్ముతారు.

బోరు_బాబు
మీనా గారు, అపార్ట్‌మెంట్ నీళ్లు అన్నారు. మున్సిపల్, బోరు, ట్యాంకర్ మూడూ ఒకే సంపులో కలుస్తాయి కదా? కూకట్‌పల్లిలో మా దగ్గర కూడా అంతే. సంపు కడిగిన రోజు వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడర్ వేస్తాడు. ఆ రోజు కుళాయి నీళ్లు ట్యాంక్‌లో పోస్తే సాయంత్రానికి చేపలు తేలతాయి. నీళ్లు మార్చే ముందు వాచ్‌మన్‌ని ఒక్క మాట అడగండి.
ఒట్టి బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు, హైపో అక్కర్లేదు. కానీ భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. బకెట్‌లో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి రాత్రంతా ఉంచి పోయండి.

వైజాగ్_నియాన్
హైపో దేనికి, ఒక రోజు ఎండలో పెడితే క్లోరిన్ పోతుంది. మా అమ్మ ఎప్పటి నుంచో అలానే చేస్తోంది.

బోరు_బాబు
క్లోరిన్ అయితే పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అంత తేలిగ్గా పోదు. మీ ఊరి నీళ్లలో ఏది కలుపుతున్నారో తెలియనప్పుడు హైపో వేసుకోవడమే మంచిది. అదేమీ విషం కాదు, సోడియం థయోసల్ఫేట్, ఫోటో స్టూడియోల్లో ఫిల్మ్ కడగడానికి వాడిన గడ్డలే. కాకపోతే అది క్లోరిన్‌నే చంపుతుంది, అమ్మోనియాని ఏమీ చేయదు. క్లోరమైన్‌ని విరగ్గొడితే అందులో ఉన్న అమ్మోనియా నీళ్లలోనే మిగులుతుంది.

భీమవరం_చెరువుగట్టు
ఇక్కడ చర్చ చూస్తుంటే ఆశ్చర్యంగా ఉందండీ. నేను చిన్నప్పటి నుంచి చెరువుల మీదే ఉన్నాను, చేపల చెరువులు, తర్వాత వనామి రొయ్యలు. లక్షల పిల్లల్ని బతికిస్తున్నాం, ఆరు చేపలకి ఇంత కంగారు అక్కర్లేదు. లీటరుకి రెండు గ్రాముల ఉప్పు వేయండి, ఒక గుప్పెడు జియోలైట్ (అమ్మోనియాని పట్టుకునే ఖనిజం) చల్లండి, అమ్మోనియా దిగిపోతుంది. మా దగ్గర అందరూ చేసేది అదే.

స్పాంజ్_శీను
చెరువుగట్టు గారు, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ ఆ రెండూ కలిపి వేయమనడం తప్పు. మంచినీళ్లలో జియోలైట్ అమ్మోనియాని పట్టుకుంటుంది, నిజమే. అందులో ఉప్పు వేస్తే సోడియం వచ్చి ఆ చోటు ఆక్రమిస్తుంది, పట్టుకున్న అమ్మోనియా మళ్లీ నీళ్లలోకి వస్తుంది. వాడిన జియోలైట్‌ని మళ్లీ పనికొచ్చేలా చేయడానికి ఉప్పునీళ్లలోనే నానబెడతారు. ఉప్పో, జియోలైటో, ఏదో ఒకటి.

భీమవరం_చెరువుగట్టు
మీ చేతిలో ఎన్ని ఎకరాలు ఉన్నాయి శీను గారు? పుస్తకం చదివి చెప్పడం వేరు, తెల్లారుజామున మూడింటికి గట్టు మీద నిలబడి ఏరియేటర్ ఆగితే గుండె చేత్తో పట్టుకోవడం వేరు. మేం ఉప్పునీటి చెరువులోనే జియోలైట్ చల్లుతాం.

స్పాంజ్_శీను
చల్లుతారు, కానీ ఉప్పు నీళ్లలో అది అమ్మోనియాని పట్టుకునేది చాలా తక్కువ. మీ చెరువులో అమ్మోనియాని చాలావరకు తినేది ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సన్నటి నాచు. ఆ పచ్చటి నీళ్లే మీ ఫిల్టర్. మీనా గారి ట్యాంక్‌లో ప్లాంక్టన్ లేదు, ఎండ లేదు, అడుగు మట్టి లేదు. ఎకరాల లెక్క ఇక్కడ పనికిరాదు.

కల్లుప్పు
ఉప్పు అంటే ఏ ఉప్పో చెప్పండి ముందు. అయోడిన్ ఉప్పు వేస్తే చేపలు చస్తాయి. కల్లుప్పే వేయాలి.

వైజాగ్_నియాన్
అయోడిన్ ఉండేది కిలోకి మిల్లీగ్రాముల్లో. లీటరుకి ఒక గ్రాము ఉప్పులో అది ఏ చేపనీ చంపదు. ప్రతి చర్చలో ఈ మాట వస్తుంది.

కల్లుప్పు
మా ఇంట్లో వేసిన మర్నాడే రెండు మోలీలు పోయాయి. నా కళ్లతో చూశాను.

స్పాంజ్_శీను
మోలీలు ఉప్పుని బాగా తట్టుకునే చేపలు. అవి పోయింది ఉప్పు వల్ల కాదు, ఇంకేదో ఉంది. ఉప్పుతో అసలు లాభం నైట్రైట్ పెరిగినప్పుడు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని లోపలికి రానివ్వదు. లీటరుకి ఒక గ్రాము చాలు. కోరీలు, లోచ్‌లు లాంటి అడుగున తిరిగే చేపలు, మొక్కలు ఉన్న ట్యాంక్‌లో అది కూడా చూసి వేయాలి.

భీమవరం_చెరువుగట్టు
నా మాట ఒక్కటైనా ఒప్పుకోరా మీరు? సరే, అమ్మోనియా కిట్టు కొనమన్నారు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) చూడమని చెప్పారా? పీహెచ్ ఒక్క పాయింట్ పెరిగితే విషం పదింతలు దగ్గరికి వెళ్తుంది. మా చెరువులో మధ్యాహ్నం పీహెచ్ ఎక్కుతుంది, అందుకే రీడింగ్ మధ్యాహ్నం చూస్తాం. కిట్టులో ఒకే రంగు వచ్చినా 7లో ఉన్న నీళ్లు వేరు, 8లో ఉన్న నీళ్లు వేరు. మీ హైదరాబాద్ బోరు నీళ్లు చాలాచోట్ల 8 దగ్గర ఉంటాయి. పుస్తకాలు చదివినవాళ్లు ఇది చెప్పాలి కదండీ.

స్పాంజ్_శీను
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మీనా గారు, పీహెచ్ కూడా చూడండి.

తొలకరి_రాఘవ
అరోవానా పెడదామని చూస్తున్నాను, ఈశాన్యంలో పెడితే మంచిదంటున్నారు. రెండడుగుల ట్యాంక్ సరిపోతుందా?

గోల్డీ_వాళ్ళమ్మ
రెండడుగులు పెరిగే చేపకి రెండడుగుల ట్యాంక్ ఏమిటండీ? తిరగడానికి చోటు లేక వెన్ను వంకరపోతుంది. వాస్తు కోసం ప్రాణిని అలా బంధించకండి, దయచేసి. ఈశాన్యమే కావాలంటే రాగి చెంబులో నీళ్లు పెట్టుకోండి.

తొలకరి_రాఘవ
నమ్మకాల గురించి మిమ్మల్ని అడగలేదు. ట్యాంక్ సైజు అడిగాను.

బోరు_బాబు
అరోవానాకి ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు అయినా ఉండాలి. ఎత్తు కూడా రెండున్నర అడుగులనుకుంటే అది దాదాపు వెయ్యి కిలోల నీళ్లు. ఒక ఘనపు అడుగుకి 28.3 లీటర్లు, వేసి చూసుకోండి. ఫ్లాట్‌లో అయితే ఇంజినీర్‌ని అడిగాకే పెట్టండి. మీనా గారి రెండడుగుల ట్యాంకే నిండితే 56 కిలోలు, దానికి గాజు, రాళ్లు అదనం. టీవీ స్టాండ్ మీద పెట్టొద్దు. ఎండ పడే కిటికీ పక్కన కూడా వద్దు, నాచు పడుతుంది, వేసవిలో నీళ్లు కాగుతాయి.

బెజవాడ_ఎండ
వేసవి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. విజయవాడలో మే నెలలో ట్యాంక్ నీళ్లు 33, 34 దాటుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టదు, 25 డిగ్రీల్లో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఉండేది 30కి ఏడున్నరకి దిగుతుంది. అదే సమయంలో కరెంటు పోతుంది. మూత తీసి చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. ఐస్ ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే జబ్బు పడతాయి.
రాత్రి ఫిల్టర్ ఆపడమా, అసలు వద్దు. స్పాంజిలో బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందక చచ్చిపోతుంది, పొద్దున ఆన్ చేయగానే ఆ కుళ్లు నీళ్లు ట్యాంక్‌లోకి వస్తాయి. టాప్ ఫిల్టర్ శబ్దం చాలావరకు నీళ్లు పైనుంచి పడటం వల్ల వస్తుంది. నీటిమట్టం పెంచి గొట్టం మూతి నీళ్లకి తాకేలా పెట్టండి, మావయ్యగారు పడుకుంటారు.

వైజాగ్_నియాన్
అందరూ నీళ్ల గురించే మాట్లాడుతున్నారు, జబ్బు గురించి చెప్పట్లేదు. షాపు నుంచి తెచ్చిన నియాన్ టెట్రాలతో మా ట్యాంక్ మొత్తానికి తెల్లమచ్చల జబ్బు అంటుకుంది. ఒంటి మీద రవ్వ చల్లినట్టు చుక్కలు. ఆ మచ్చ ఒక పరాన్నజీవి, చర్మం కింద ఉన్నంతసేపు ఏ మందూ దాన్ని ముట్టుకోలేదు. అది రాలి, అడుగున పగిలి, పిల్లలు నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. మచ్చలు కనపడట్లేదని మందు ఆపేస్తే మళ్లీ వస్తుంది. నీళ్లు నెమ్మదిగా 30 డిగ్రీలకి పెంచి, గాలి ఎక్కువ పెట్టి, మచ్చలు పోయాక కూడా ఇంకో వారం కొనసాగించాలి. కొత్త చేపని రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచాకే కలపండి. గోల్డ్‌ఫిష్ షాపులో ఒకే గొట్టం నీళ్లు అన్ని ట్యాంకుల్లో తిరుగుతుంటే, పక్క ట్యాంక్‌లో చచ్చిన చేప కనిపిస్తే కొనకుండా వచ్చేయండి.

భీమవరం_చెరువుగట్టు
కవర్ సంగతి కూడా నన్ను చెప్పనివ్వండి, ఇందులో ఎవరూ వాదించలేరు. సీడు (చేపపిల్లల) బస్తాలు రాత్రంతా లారీలో వస్తాయి. కవర్‌లో పిల్లలు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది, దాంతో అందులో ఉన్న అమ్మోనియా అంతగా కరవదు. మూతి విప్పగానే ఆ గ్యాస్ పోయి పీహెచ్ పైకి లేస్తుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకని చెన్నై కొళత్తూరు నుంచో కలకత్తా నుంచో పార్సిల్‌లో వచ్చిన చేపని మూతి విప్పి గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు. కవర్ మూసే ఉంచి ఇరవై నిమిషాలు తేల్చండి, విప్పాక త్వరగా వలతో తీసి దించండి. పక్క వీధి షాపు నుంచి తెస్తే నిదానంగా కలపొచ్చు. ఎలా తెచ్చినా కవర్ నీళ్లు ట్యాంక్‌లో పోయకండి.

స్పాంజ్_శీను
చెరువుగట్టు గారు, దీన్ని వేరే పోస్టుగా పెట్టండి. చాలామందికి తెలియదు.

గోల్డీ_వాళ్ళమ్మ
ఇంకో ముఖ్యమైన మాట. గాజు శుభ్రం చేస్తుందని షాపువాళ్లు సక్కర్ ఫిష్ అంటగడతారు, తీసుకోకండి. అది అడుగు దాటి పెరుగుతుంది, నిద్రపోతున్న గోల్డ్‌ఫిష్ ఒంటి మీద జిగురు నాకి పుండు చేస్తుంది. పెరిగాక ఎవరికీ ఇవ్వలేక చెరువులో వదిలేస్తున్నారు. కృష్ణలో, మన చెరువుల్లో అది పెరిగి జాలర్ల వలలు చింపుతోంది. మా పక్కింటబ్బాయి గోదావరి గట్టుకి బకెట్ తీసుకెళ్తుంటే ఆపి వెనక్కి పంపించాను.

మణికొండ_మీనా
అందరికీ చాలా థాంక్స్. నీలం మందు ఆపేశాను. అమ్మోనియా రంగు ముదురు ఆకుపచ్చ వచ్చింది, పీహెచ్ 8. సంపు నిన్న కడిగారట, వాచ్‌మన్ చెప్పాడు, అందుకని హైపో వేసిన బకెట్ నీళ్లే పావు వంతు మార్చాను. నాలుగూ బతికే ఉన్నాయి, మూలన ఉన్నది కాస్త కదులుతోంది. కొత్తవి ఇప్పుడే తేను. గోల్డీ అమ్మగారు, మా తోడికోడలు వాళ్లకి షాద్‌నగర్‌లో పెద్ద తొట్టి ఉంది, ట్యాంక్ కుదురుకోకపోతే వీటిని అక్కడికి పంపిస్తాను.

స్పాంజ్_శీను
ముదురు ఆకుపచ్చ, పీహెచ్ 8 అంటే ప్రమాదమే. రంగు తగ్గేదాకా రెండు పూటలా పావు వంతు మార్చండి. నాలుగు వారాలు కాచుకోవాల్సిన పని లేకుండా ఒక దారి ఉంది. నా పాత ట్యాంక్ ఫిల్టర్‌లో స్పాంజ్ ముక్క ఇస్తాను, మీ ఫిల్టర్‌లో పెట్టుకోండి, బ్యాక్టీరియా దానితోనే వస్తుంది. మా ట్యాంక్‌లో ఏ జబ్బూ లేదు. మియాపూర్ మెట్రో దగ్గర ఆదివారం కలుద్దాం. మూత ఉన్న డబ్బా తెచ్చుకోండి, ట్యాంక్ నీళ్లలో మునిగేలా ఇస్తాను. కుళాయి నీళ్లు తగలనివ్వొద్దు.

బెజవాడ_ఎండ
శీను గారు, విజయవాడకి బస్సులో పంపితే బతుకుతుందా?

స్పాంజ్_శీను
బతుకుతుంది. నీళ్లు నింపకుండా తడిగా మాత్రమే పెట్టి, కవర్‌లో గాలి వదిలి కట్టాలి. రాత్రి బస్సుకే పంపిస్తాను, పగటి ఎండలో వద్దు. పొద్దున బస్టాండ్‌లో తీసుకుని నేరుగా ఫిల్టర్‌లో వేసేయండి.