రిజర్వుడు స్థానంలో పోటీకి మతం షరతు ఉండవచ్చునా?

మారేడ్‌పల్లి ఉపాధ్యాయుడు (చర్చకు పెట్టిన ప్రశ్న):

హైదరాబాద్ జిల్లాలోని 15 శాసనసభ స్థానాల్లో షెడ్యూల్డు కులాలకు కేటాయించినది ఒక్కటే, అది మా సికింద్రాబాద్ కంటోన్మెంట్. ఇక్కడ ఆదివారం ఆరాధనకు వెళ్లే మాదిగ కుటుంబాల్లో ఎవరైనా తాను క్రైస్తవుడినని కాగితం మీద రాసిచ్చారంటే, ఈ స్థానంలో పోటీ చేసే అర్హత పోతుంది. పక్కనున్న సనత్‌నగర్‌లో జనరల్ అభ్యర్థిగా నిలబడటానికి మాత్రం అదే మతం అడ్డు రాదు. రాజ్యాంగంలోని 84, 173 అధికరణలు అభ్యర్థిని పౌరసత్వం, వయసు, ప్రమాణం అడుగుతాయే తప్ప మతం అడగవు. ఆ ప్రమాణాన్నైనా దైవసాక్షిగా చేయాలో ఆత్మసాక్షిగా చేయాలో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. 1949 అక్టోబరులో, పీఠికను దేవుని పేరుతో మొదలుపెడదామని హెచ్.వి. కామత్ ప్రతిపాదించినప్పుడు రాజ్యాంగ సభలో అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు పడ్డాయి. అంత పట్టుదలతో గుమ్మం బయట నిలిపిన మతాన్ని, 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా (హిందువులు, సిక్కులు, బౌద్ధులు కానివారిని షెడ్యూల్డు కులస్థులుగా పరిగణించరాదనే నిబంధన) దొడ్డిదారిన లోపలికి తెచ్చిందన్నది నా అభియోగం.

చిక్కడపల్లి న్యాయవాది:

ఉపాధ్యాయుడు గారి ప్రశ్న న్యాయమైనదే గాని, అభియోగం సరికాదు. ఆ పేరా ఎవరినీ చట్టసభకు రావద్దనలేదు. అంటరానితనం పాలైన కులాలకు రాజ్యాంగం ప్రత్యేకంగా కొన్ని స్థానాలు ఉంచితే, ఆ కులాలు ఏవో, ఎవరు వాటికి చెందుతారో ఈ ఉత్తర్వు చెప్పింది. మొదట హిందువులకే వర్తించిన ఆ నిర్వచనంలో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. కులమే లేదని బోధించే మతంలోకి ఇష్టపడి వెళ్లినవారు, వదిలివచ్చిన కులం పేరిట స్థానం కోరడంలో వైరుధ్యం లేదా? మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు, ప్రభుత్వం తనకు బంకు ఇవ్వలేదని కోర్టుకు వెళితే, మతం మారాక కూడా అదే తీవ్రతతో వివక్ష కొనసాగుతున్నదని ఆధారాలతో చూపాలని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. ఆచరణలో ఇంకొక చిక్కు కూడా ఉంది. తెలంగాణలో 119 స్థానాలకు గాను షెడ్యూల్డు కులాలకు ఉన్నవి 19. మిషన్ బడుల్లో రెండు తరాలు చదువుకున్న కుటుంబాలు వాటి కోసం బరిలోకి దిగితే, పల్లెలో డప్పు కొట్టుకునే ఇంటివారికి మిగిలేదేమిటి? క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి విభాగం కింద ఒక శాతం రిజర్వేషన్ ఎలాగూ ఉంది.

బొల్లారం విశ్రాంత రైల్వే ఉద్యోగి:

అయ్యా, ఆ ఒక శాతం చదువులకూ ఉద్యోగాలకూ సంబంధించినది. శాసనసభలో బీసీలకు స్థానాల కేటాయింపే లేనప్పుడు ఇక్కడ దాని ప్రస్తావన ఎందుకో నాకు అర్థం కాలేదు. కులం వదిలివచ్చామని మీరన్నారు. మా నాన్నగారు బాప్తిస్మం తీసుకున్న తరువాత మా గూడెం ఊరివైపు ఒక్క గజం కూడా జరగలేదు. చెంబు దూరంగా పెట్టి నీళ్లు పోసిన చేతులు అలాగే పోశాయి. గుంటూరు వైద్య కళాశాల కేసులో 1976లో సుప్రీంకోర్టు ఏమన్నదో మీకు నాకంటే బాగా తెలుసు. క్రైస్తవం నుంచి తిరిగి హిందువైన వ్యక్తిని కులస్థులు తమవాడిగా అంగీకరిస్తే పాత కులం మళ్లీ వస్తుందన్నది. తిరిగి వెళ్లేసరికి సిద్ధంగా కాచుకుని ఉండే కులం, మేము బయట ఉన్నన్నాళ్లూ ఎక్కడికి పోయినట్టు? బౌద్ధం కూడా కులాన్ని ఒప్పుకోదు గదా, అయినా వారిని చేర్చారు, చేర్చడం మంచిదే అయింది. తండాలో పుట్టినవారు క్రైస్తవం తీసుకున్నా ఎస్టీ స్థానంలో నిక్షేపంగా పోటీ చేస్తారు. మా విషయంలోనే రాజ్యం ఒక అబద్ధాన్ని నేర్పుతోంది: బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఇంకొక పేరు. ఇలా రెండు పేర్లతో బతికినవారిని మా వీధిలోనే పదిమందిని చూపగలను.

నాంపల్లి పాఠకుడు:

దళిత ముస్లింలదీ ఇదే స్థితి అని గుర్తు చేస్తూ, ఒక తేడా చెప్పదలచాను. బొగ్గులకుంటలో కూర్చునే దేవాదాయ కమిషనర్ హిందువై ఉండాలని, మతం మానితే పదవి కూడా పోతుందని 1987 నాటి దేవాదాయ చట్టం చెబుతుంది. మత సంస్థలకు సంబంధించిన పదవుల్లో ఇలాంటి షరతును రాజ్యాంగం 16(5)లో అనుమతించింది కూడా. దేవుడి మాన్యం చూసుకునే పదవి కాబట్టి నాకు అందులో అభ్యంతరం లేదు. కంటోన్మెంట్ ఎమ్మెల్యే చూసుకోవలసినవి రోడ్లు, మంచినీళ్లు, బడ్జెట్టు. వాటికి మతంతో పనేముంది?

చిక్కడపల్లి న్యాయవాది:

సిక్కు, బౌద్ధ మినహాయింపుల తరువాత నా వాదనకు ఒక కాలు కుంటిదైన మాట ఒప్పుకుంటున్నాను. స్థానాలు తగ్గిపోతాయన్న భయాన్ని కూడా కొంత సవరించుకోవాలి. 332 అధికరణ ప్రకారం స్థానాల సంఖ్య షెడ్యూల్డు కులాల జనాభా నిష్పత్తిని అనుసరిస్తుంది గనుక, కొత్తవారు లెక్కలోకి వస్తే పునర్విభజన నాటికి స్థానాలూ పెరగాలి. ఉద్యోగాల కోటాకు ఆ వెసులుబాటు లేదు. అయితే ఈ మార్పు పార్లమెంటు చట్టం ద్వారానే రావాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన తీర్మానం కేంద్రానికి చేసిన విన్నపమే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం షరతు తొలగించమన్నది; అయినా ఇదే విషయం పరిశీలించడానికి 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేయడానికి కారణం, నిలకడైన గణాంకాలు కావలసి రావడమే అనుకుంటాను. ఎంతమంది, ఏ స్థితిలో ఉన్నారో తేలకుండా చట్టం చేయమనడం నాకు సమ్మతం కాదు.

బొల్లారం విశ్రాంత రైల్వే ఉద్యోగి:

లెక్క తేలాలన్నారు, సరే. జనగణన చేసేవారు మా గుమ్మంలోకి వచ్చినప్పుడు మతం ఏమిటని అడుగుతారు. క్రైస్తవులమని చెబితే మనవడి కుల ధ్రువీకరణ పత్రానికి ముప్పు వస్తుందేమోనని మా కోడలు హిందువులమనే చెబుతుంది. మీరు అడిగే ఆధారం అక్కడే ఆగిపోతోంది.